వానలో బండి, ఒంటి మీద కోటు



మృగశిర కార్తె ఇంకో వారం ఉందనగానే మా గుంటూరులో బట్టల కొట్ల ముందు, చెప్పుల కొట్ల ముందు, ఆఖరికి సెల్‌ఫోన్ కొట్ల ముందు కూడా రెయిన్‌కోట్లు వేలాడతాయి. కొనేవాళ్లు మాత్రం అప్పుడు రారు. మొదటి గట్టి వాన పడ్డ సాయంత్రం వస్తారు. బండి కొట్టు ముందు ఆపి, నీళ్లు కారుతున్న చొక్కాతోనే లోపలికొచ్చి, చేతికందిన కోటు భుజాలకు ఆనించి చూసుకుని, డబ్బులిచ్చి, అక్కడే తొడుక్కుని వెళ్లిపోతారు. రెండు నిమిషాల బేరం. నెలల తరబడి మన ఒంటిని కాపాడాల్సిన వస్తువుకు రెండు నిమిషాలు చాలవని నా నమ్మకం. ఆ సంగతే ఇవాళ మీతో మాట్లాడదామని వచ్చాను.

నేను బడిపంతుల్ని. గుంటూరు నుంచి నరసరావుపేట వెళ్లే దారిలో, ఫిరంగిపురం అవతల ఒక ఊళ్లో నా ఉద్యోగం. రానూ పోనూ యాభై కిలోమీటర్ల పైమాటే, మోటార్‌సైకిల్ మీద. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు, అవి వెనక్కి మళ్లాక అక్టోబరు, నవంబరుల్లో తుపాను వానలు. ఒక్కో ఏడు డిసెంబరు కూడా కలిసొస్తుంది. 2023లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. అంటే ఏడాదిలో సగం రోజులు వానకోటు బండిలో ఉండి తీరాల్సిందే.

నా మొదటి కోటు ఆ రెండు నిమిషాల బేరంలో కొన్నదే. అద్దం ముందు నిలబడి చూసుకుంటే వంక పెట్టడానికి లేదు. ఒక శ్రావణమాసం సాయంత్రం బడి వదిలాక వానలో బయల్దేరాను. పావుగంటకే తొడల మధ్య చల్లగా తగిలింది. ఇంకో ఐదు నిమిషాలకు నీళ్ల గుంటలో కూర్చున్నట్టయింది. తడి బట్టలకు ఎదురుగాలి తోడై వణుకు పట్టుకుంది. ఎంత తొందరగా ఇల్లు చేరితే అంత మేలనిపించి, రోజూ నలభైలో పోయేవాణ్ని అరవైకి పెంచాను. దారిలోని పేరేచర్ల ఇంకా రాలేదు. పొలంలోంచి ట్రాక్టరు రోడ్డెక్కిన చోట తారు మీద నల్లరేగడి మట్టి పరుచుకుని ఉంది. ఎండలో అది పెళ్లలు పెళ్లలుగా ఉంటుంది, వానకు వెన్నపూసలా మారుతుంది. బ్రేకు మీద కాలు పడటంతోనే వెనక చక్రం పక్కకు జారింది. మోచేయి, మోకాలు చెక్కుకుపోయాయి. వెనక వస్తున్న లారీ సమయానికి ఆగబట్టి ఇవాళ మీ ముందు కూర్చుని మాట్లాడగలుగుతున్నాను.

ఆ రాత్రి కట్టు కట్టించుకుని పడుకున్నాక ఆలోచించాను. ఆ మట్టి ఆ దారిలో ప్రతి వానాకాలం ఉండేదే. ఆ రోజు కొత్తగా వచ్చి చేరింది నా తొందర. తడుస్తున్న మనిషి తొందరపడతాడు. ఎక్కడా పది నిమిషాలు ఆగడు, ముందు బండికి ఎడం ఇవ్వడు, గతుకు కనిపిస్తున్నా వేగం తగ్గించడు. ఒళ్లు పొడిగా, వెచ్చగా ఉన్నవాడికి ఆగే ఓపిక ఉంటుంది. అప్పట్నుంచి వానకోటును నేను హెల్మెట్ పక్కనే లెక్కపెడుతున్నాను.

అసలు బండి మీద పోయేవాడికి వాన ఎటువైపు నుంచి వస్తుందో ఒకసారి చూడండి. పెద్ద పెద్ద చినుకులు కూడా సెకనుకు 9 మీటర్ల వేగానికి మించి పడవు. గంటకు 50 కిలోమీటర్లతో పోతున్న బండి సెకనుకు 14 మీటర్లు ముందుకు పోతుంది. అంటే చినుకు మన నడినెత్తి మీద పడటం కంటే ఎదురొచ్చి ఛాతీకి కొట్టడమే ఎక్కువ. మన పెద్దలు వాన అంటే పైనుంచి పడేదనే లెక్కతో ఏర్పాట్లు చేసుకున్నారు. గొర్రెల వెంట నడిచే కాపరికి తల మీదుగా కప్పుకున్న గొంగడి, నాట్లు వేసేవారికి తాటాకు గిడుగు, నడిచేవారికి గొడుగు. నడిచే మనిషికి అవి నిజంగా గొప్ప ఏర్పాట్లు. గొంగడి తడిసినా వెచ్చదనం పోదు. బండి మీద ఆ లెక్క పనికిరాదు. వెనక కూర్చున్నవారు గొడుగు విప్పి పట్టుకోవడం ఇప్పటికీ చూస్తుంటాను. ఒక్క గాలి విసురుకు ఆ గొడుగు తెరచాపై బండినే లాగేస్తుంది. దయచేసి ఆ పని చెయ్యకండి.

కట్టు విప్పిన ఆదివారం ఇంట్లో ఒక పరీక్ష పెట్టాను. పాత దినపత్రిక మడతలు ఛాతీకి, వీపుకు, మెడ వెనక, ముంజేతులకు, తొడలకు నాడాలతో కట్టుకుని, పైన ఆ కోటూ ప్యాంటూ తొడుక్కుని, పెరట్లో స్టాండు వేసిన బండి మీద మామూలుగా నడిపేటప్పుడు ఎలా కూర్చుంటానో అలా కూర్చున్నాను. మా ఆవిడ మొక్కలకు నీళ్లు పట్టే గొట్టం తీసుకుని ఎదురుగా నిలబడి, గొట్టం మూతికి బొటనవేలు అడ్డుపెట్టి కొట్టింది. ఐదు నిమిషాలయ్యాక, "ఏమండీ, ఇంక చాలా?" అంది. లోపలికి వెళ్లి కాగితాలు ఒక్కొక్కటే విప్పి వరండాలో పరిచి చూశాం. వీపు వైపు కాగితం పెళపెళలాడుతోంది, చుక్క నీరు లేదు. మెడ కింద అరచేయంత మచ్చ. ఛాతీ మధ్యలో జిప్పు పొడవునా సన్నటి గీత, కిందికి పోయేకొద్దీ వెడల్పు. చేతుల దగ్గర మోచేతి దాకా తడి. తొడల మధ్య పెట్టిన కాగితం అసలు విడిగా రాలేదు, గుజ్జయిపోయింది. ఆ కాగితాలు నాకు నేర్పిన పాఠం ఏ కొట్టువాడూ చెప్పలేదు.

అన్నిటికంటే ముందు తొడల మధ్య సంగతి. ప్యాంటు కుట్లన్నీ వచ్చి కలిసే చోటు అదే. కూర్చుంటే కోటు అంచు, ఒళ్లో పడ్డ నీరు, ట్యాంకు మీద నుంచి జారే నీరు అన్నీ అక్కడికే చేరి చిన్న మడుగు కడతాయి. పైగా దాని మీద మన బరువు. ఒక చిన్న లెక్క చెబుతాను. గుడ్డ నీటిని ఎంత ఆపుతుందో కొలవడానికి దాని మీద నీటి స్తంభం నిలబెట్టి, ఎంత ఎత్తుకు చెమ్మ ఇవతలకి వస్తుందో చూస్తారు. అట్ట మీద 3000 మిల్లీమీటర్లు, 5000 మిల్లీమీటర్లు అని అంకెలు వేసేది దాన్నే. 70 కిలోల మనిషి 500 చదరపు సెంటీమీటర్ల మేర సీటుకు ఆనుకుని కూర్చున్నాడనుకోండి, చదరపు సెంటీమీటరుకు 140 గ్రాముల బరువు పడుతుంది. అది 1400 మిల్లీమీటర్ల నీటి స్తంభంతో సమానం. గతుకుల్లో ఎగిరి పడ్డప్పుడు ఇంకా ఎక్కువ. అందువల్ల 1500 అంకె వేసిన గుడ్డ నడిచి వెళ్లేవాడికి సరిపోవచ్చు గానీ, గంటసేపు సీటు మీద కూర్చునేవాడికి చాలదు. నేనైతే ప్యాంటు విషయంలో 5000కు తక్కువ తీసుకోను. అంకె అసలే లేకపోతే కొట్టువాణ్ని అడగండి. అతనికీ తెలియకపోతే ఆ కోటు ధర ఎంత తక్కువైనా నమ్మకం పెట్టుకోకండి.

గుడ్డ ఎంత గట్టిదైనా కుట్టు దగ్గర సూది బెజ్జాలుంటాయి. ఈ బాధ కొత్తది కాదు. 1823లో గ్లాస్గో రసాయన శాస్త్రవేత్త ఛార్లెస్ మాకింతోష్ రబ్బరును నాఫ్తాలో కరిగించి రెండు గుడ్డల మధ్య పూసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఆ గుడ్డతో దర్జీలు కోట్లు కుట్టేసరికి సూది పడిన ప్రతిచోటా నీళ్లు కారాయి. రెండు వందల ఏళ్లు గడిచినా మనం కొట్లో చూడాల్సింది అదే. కోటును లోపలివైపు తిప్పండి. కుట్ల వెంబడి వేలెడు వెడల్పున మెరిసే టేపు వేడితో అతికించి ఉండాలి. భుజాల మీద ఒక్కచోట వేసి మిగతాచోట్ల వదిలేసిన కోట్లు చాలా ఉన్నాయి, కాబట్టి ప్యాంటు తొడల సందు దాకా వేలు పెట్టి తడిమి చూడండి. టేపు అంచు అప్పుడే లేస్తూ ఉంటే అది రెండో వానకు ఊడుతుంది.

జిప్పు మీద కనీసం ఒక రెక్క, వీలైతే రెండు రెక్కలు మూసుకునేలా ఉండాలి. నిలువునా అతికే వెల్క్రో మధ్యలో తెంపులు లేకుండా ఉండాలి. నాలుగు బొత్తాలే ఉంటే ఆ మధ్య సందుల్లోంచి గాలితోపాటు నీరు దూరుతుంది. చేతులకు లోపల ఒక సాగే పట్టీ, బయట బిగించుకునే పట్టీ రెండూ ఉంటే మంచిది. గ్లౌజులు వేసుకుంటే చేతి అంచు గ్లౌజు మీదికి రావాలి, లోపలికి దోపితే నీరంతా వేళ్ల దగ్గరికి చేరుతుంది.

ఇక సైజు. నిలబడి చూస్తే మడమల దాకా ఉన్న ప్యాంటు, మోకాలు వంచి కూర్చునేసరికి జానెడు పైకి పోతుంది. మేజోళ్లు తడిసేది అందుకే. చేతులు హ్యాండిల్ మీదికి చాపితే కోటు వెనక భాగం పైకి లేచి నడుము బయటపడుతుంది. మామూలు బట్టల కంటే ఒక సైజు పెద్దది తీసుకోవడమే మేలు. నేనిప్పుడు కొట్టుకు వెళ్తే బూట్లతోనే ప్యాంటు తొడుక్కుని, బయట నిలబెట్టిన నా బండి మీద కూర్చుని, గేరూ బ్రేకూ నొక్కి చూస్తాను. మొదటిసారి కొట్టాయన, "మాస్టారూ, కోటుకు ఇంత పరీక్షా?" అన్నాడు. ఇప్పుడాయనే వచ్చినవాళ్లందరికీ బండి మీద కూర్చుని చూసుకోమని చెబుతున్నాడు. ప్యాంటు కింద భాగాన మోకాలి దాకా పక్క జిప్పు ఉంటే బూట్లు విప్పకుండానే తొడుక్కోవచ్చు. వానలో రోడ్డు పక్క ఒంటికాలి మీద నిలబడినవాడికే దాని విలువ తెలుస్తుంది. కుడికాలి లోపలివైపు మరో ప్రమాదం ఉంది. సైలెన్సర్ తగిలితే నైలాన్ గుడ్డ కరిగి దానికే అంటుకుపోతుంది. మందపాటి అతుకు వేసిన ప్యాంటు దొరికితే వదలకండి.

గుడ్డ రకాల్లో చవకగా వచ్చే పల్చటి పాలిథిన్ కోటు ఒక్క వానకు, అదీ అత్యవసరానికి. పివిసి నీటిని బాగా ఆపుతుంది, కానీ బరువు, లోపల ఉక్క, మడతల దగ్గర బీటలు. లోపలివైపు పాలియురేతేన్ పూత ఉన్న నైలాన్ లేదా పాలిస్టర్ మనలాంటివాళ్లకు సరైనది. చెమట ఆవిరి బయటికి పోనిచ్చి నీటిని రానివ్వని ఖరీదైన గుడ్డలున్నాయి. అమెరికాలో గోర్ కుటుంబం 1969లో కనిపెట్టిన పదార్థం వాటికి మూలం. వాటి మీద ఒక మాట చెప్పాలి. లోపలి ఆవిరి బయటికి పోవాలంటే బయట గాలి లోపలికంటే పొడిగా ఉండాలి. జూలైలో బందరులోనో కాకినాడలోనో వాన పడుతుంటే బయటి గాలే చెమ్మతో నిండి ఉంటుంది, ఇక చెమట ఎక్కడికి పోతుంది? అరకు, లంబసింగి చలిలో తిరిగేవారికి ఆ డబ్బు పెట్టినందుకు ఫలితం ఉంటుంది. కోస్తా ఊళ్లలో రోజూ ఆఫీసుకు పోయి వచ్చేవారు చంకల కింద గాలి కన్నాలున్న మామూలు కోటు కొనుక్కుని, మిగిలిన డబ్బుతో మంచి గ్లౌజులు కొనుక్కోవచ్చు.

ఆడవాళ్ల సంగతికొస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది. చీర మీద వేసుకోవడానికి పనికొచ్చే బండి కోటు మన బజారులో సరిగ్గా లేదు. దొరికేది పాదాల దాకా వేలాడే పొడుగు కోటు, లేదా తలలోంచి తొడిగే దుప్పటి లాంటిది. రెండూ గాలికి ఎగురుతాయి. ఎగిరిన అంచు వెనక చక్రం చువ్వల్లోనో గొలుసులోనో చిక్కితే మనిషిని కిందికి లాగేస్తుంది. చున్నీలు, కొంగులు ఇలా చిక్కి జరిగిన ఘోరాలు మనం విన్నవే. మా బడిలో ఇద్దరు టీచర్లు వానాకాలమంతా చుడీదార్ మీద కోటూ ప్యాంటూ వేసుకుని వస్తారు, చీర సంచిలో తెచ్చుకుని బడిలో మార్చుకుంటారు. అలా కుదరనివారు మోకాళ్ల దాకా వచ్చే కోటు తీసుకుని, నడుము దగ్గర బెల్టు బిగించి, కుచ్చిళ్లను, కోటు అంచును ఒళ్లోకి లాక్కుని కూర్చోవాలి. మన ఊళ్లలో లక్షల మంది ఆడవాళ్లు స్కూటర్లు నడుపుతున్నారు, వారికి తగిన కోటు కుట్టేవాళ్లు రావాలని కోరుకుంటున్నాను. పిల్లలకు కూడా ఆ దుప్పటి కోటు వద్దు. చిన్న కోటూ ప్యాంటూ విడివిడిగా కొనండి.

కోటుకున్న టోపీని హెల్మెట్ కింద పెట్టుకుంటే తల పక్కకు తిప్పలేం, వెనక హారనూ సరిగ్గా వినపడదు. దాన్ని మడిచి కాలర్‌లో దాచి, మెడ పట్టీ బిగించండి. వానని చెప్పి హెల్మెట్ తీసేసేవారున్నారు. 2021 జూన్ 1 నుంచి దేశంలో ఐఎస్‌ఐ గుర్తు ఉన్న హెల్మెట్లే అమ్మాలన్నది చట్టం. ఆ గుర్తుతోపాటు అద్దం కూడా చూసుకోండి. నల్ల అద్దం వాన రాత్రికి పనికిరాదు. ఊపిరి ఆవిరితో అద్దం మసకబారితే, ముందు రోజే గిన్నెలు తోమే ద్రవసబ్బు ఒక్క చుక్క లోపలివైపు పల్చగా రాసి పొడి గుడ్డతో తుడవండి. రెండు మూడు రోజులు పనిచేస్తుంది.

కాళ్లకు బూటు మీద పాలిథిన్ సంచి కట్టుకోకండి, బ్రేకు మీద జారుతుంది. కట్టుకుంటే బూటు లోపల, మేజోడు మీద. ఇక లైసెన్సు, ఆర్సీ కాగితాలు తడుపుకోనక్కర్లేదు, 2018 నుంచి డిజిలాకర్‌లో చూపిస్తే చాలు.

రంగు విషయంలో మనవాళ్లు చేసే తప్పు నన్ను చాలా కలవరపెడుతుంది. అమ్ముడుపోయేవి ఎక్కువగా నల్లవే, మురికి కనపడదని. నల్లటి ఆకాశం, నల్లటి రోడ్డు, వాన మసక, వీటి మధ్య నల్లకోటు మనిషి లారీ డ్రైవరుకు ఎలా కనపడతాడు? పగలు నిమ్మపండు రంగులో మెరిసే పసుపు అన్నిటికంటే దూరానికి తెలుస్తుంది. రాత్రి ఆ రంగు పని చెయ్యదు, అప్పుడు కావాల్సింది లైటు పడితే ఆ వెలుగును వచ్చిన వైపుకే తిప్పికొట్టే పట్టీ. అది వీపు మీద అడ్డంగా ఉండాలి. పుస్తకాల సంచి కప్పేస్తే ఉన్నా లేనట్టే.

వాన మొదలైన తొలి పది పదిహేను నిమిషాలు రోడ్డు మీద నూనె, దుమ్ము కలిసి బాగా జారుతుంది. ఆ కాసేపు కొట్టు చూరు కింద ఆగండి. ఉరుములుంటే చెట్టు కింద వద్దు. ఫ్లైఓవర్ కింద రోడ్డుకు అడ్డంగా అసలే వద్దు. కోటు తొడుక్కోవాల్సింది మొదటి చినుకులకే. చొక్కా తడిశాక పైన ఎంత మంచి కోటు వేసినా తడి లోపలే ఉండిపోతుంది.

ఇంటికి రాగానే తడికోటును చుట్టచుట్టి సీటు కింద కుక్కితే నాలుగు రోజుల్లో బూజు వాసన, ఏడాది తిరక్కుండా లోపలి పూత జిగటపట్టి పొరలు పొరలుగా రాలడం. ముందు లోపలివైపు తిప్పి, తర్వాత బయటివైపు తిప్పి నీడలో ఆరేయాలి. ఇస్త్రీ పెట్టకూడదు. కుట్టు దగ్గర టేపు లేస్తే కుట్లకు పూసే జిగురు వస్తుంది, రాత్రి పూసి పొద్దున్నదాకా వదిలేస్తే చాలు.

ఒక అబ్బాయి గురించి చెప్పి ముగిస్తాను. నా దగ్గర చదువుకున్న కుర్రాడు, ఇప్పుడు బండి మీద ఇంటింటికీ భోజనాలు చేరుస్తున్నాడు. పోయినేడు ఆశ్వయుజంలో రాత్రిపూట మా వీధిలో తడుస్తూ కనిపించాడు. వీపు మీది సంచికి వానతొడుగు వేసి ఉంది, వాడి ఒంటి మీద లేదు. "కోటు లేదురా?" అని అడిగితే, "ఉంది మాస్టారూ, ప్రతి ఇంటి దగ్గరా తీసి వేసుకోవడానికి టైము చాలదు, ప్యాంటు మరీ కష్టం" అన్నాడు. మర్నాడు ఇద్దరం కొట్టుకు వెళ్లాం. నడుము దాకా పక్క జిప్పులున్న ప్యాంటు, పసుపుపచ్చ కోటు వెతికి పట్టుకున్నాం. దొరకడానికి మూడు కొట్లు తిరిగాం. వాడి బండి మీద కూర్చోబెట్టి, చేతులు చాపమని, కాలు బ్రేకు మీద పెట్టమని చూశాను. తొడుక్కోవడానికి నిమిషం కూడా పట్టలేదు.

మొన్న గుంటూరు లాడ్జి సెంటర్ దగ్గర హోరున వాన. నా ముందు చాలా దూరంలో, బస్సుకూ ఆటోకూ మధ్య, ఒక తెల్లటి పట్టీ లైటు పడి తళుక్కుమంది. దగ్గరికెళ్తే వాడే. వాన తగ్గేదాకా ఒక కొట్టు అరుగు పక్కన బండి ఆపుకుని, తాపీగా నిలబడి ఉన్నాడు.